ఒకే బకెట్

నేల తుడవగా మిగిలిన మందునీళ్లు పారబోయొద్దని హుకుం జారీ చేసిన మేనేజరూ, బ్లీచింగునీ యాసిడ్‌నీ పేరులేని కూల్‌డ్రింక్ సీసాల్లో నింపి అంటగట్టిన కొట్టువాడూ కలిసి ఒక పనిపిల్ల ఊపిరి తీయబోయారు.

అక్కాచెల్లెళ్లు ఆ అపార్టుమెంటులో నేలలు తుడిచేవాళ్లు. అక్కది మెతక నోరు. చెల్లెలు మాత్రం గోడతో కూడా గొడవ పెట్టుకునే రకం. ఒక ఇంట్లో మిగిలిన నీళ్లు పై ఇంటికి మోసుకుపోవాలని మేనేజరు రూలు. కింద ఇంట్లో టైల్స్ తుడిచిన బ్లీచింగు నీళ్లే ఆరోజు పైకెక్కాయి. పైన హాలంతా చెక్క నేల. తుడిచినచోటల్లా తెల్లటి మచ్చలు తేలుతుంటే చెల్లెలు నవ్వింది.

"చూడక్కా, నేలకి జుట్టు నెరిసింది."

ఎవరు తిడతారోనని అక్క గబగబా పొడిగుడ్డ పెట్టి తుడవసాగింది. చెల్లెలు బకెట్ ఎత్తుకుని బాత్రూంలోకి వెళ్లింది. అక్కడి టైల్స్‌కి ఉప్పునీటి మరకలు. వాటి కోసం రెండో సీసా తీసి అదే బకెట్‌లో ఒంపింది.

లోపల బుసబుస పొంగిన చప్పుడు. తర్వాత దగ్గు. ఆ దగ్గు ఆగలేదు. అక్క తలుపు తోసేసరికి ఘాటు పొగకి కళ్లు భగ్గుమన్నాయి. చెల్లెలు గోడ పట్టుకుని మోకాళ్ల మీద కూలబడి, నీళ్లలోంచి తీసిన చేపలా నోరు తెరుస్తోంది. అక్క చెల్లెలి చంకల కింద చేతులు వేసి బాల్కనీలోకి ఈడ్చింది.

చప్పుడుకి పరుగెత్తుకొచ్చిన ఇంటావిడ ముందుగా నేల వైపు చూసింది. తన చెక్క నేల పాడైపోయిందని గొల్లుమంది.

"నేల ఎక్కడికీ పోదమ్మా. కిటికీలు తీసి అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి," అంది అక్క. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

ఆసుపత్రిలో డాక్టరు ఏం కలిపారని అడిగితే సీసాల మీద పేర్లు లేవంది అక్క. సీసాలు రెండూ ఒకేలా ఉన్నాయి. బ్లీచింగులో యాసిడ్ పడి విషపు గాలి పుట్టిందని చివరికి డాక్టరే తేల్చాడు. తీరిగ్గా వచ్చిన మేనేజరు, చూసుకుని పోసుకోవాలి కదా అని గొణిగాడు. మాస్కు కింద చెల్లెలి ఛాతీ ఎగసిపడుతూనే ఉంది. బతుకుతుంది కానీ గొంతు సంగతి ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు.

మర్నాడు అక్క ఆ ఖాళీ బకెట్ తెచ్చి మేనేజరు బల్ల మీద పెట్టింది.

"ప్రతి సీసా మీదా పేరుండాలి. బ్లీచింగుకి వేరే బకెట్, యాసిడ్‌కి వేరే బకెట్. చెక్కకీ పాలరాయికీ బ్లీచింగు తగలకూడదు. కిటికీ తీయకుండా ఎవరూ సీసా మూత తిప్పరు. ఏ ఇంటి నీళ్లు ఆ ఇంట్లోనే పారబోస్తాం. ఇవన్నీ రాసి గోడకి అంటించండి. మీరు రాసేదాకా నేను కదలను, ఈ మెట్ల మీద చీపురూ కదలదు."