ఎల్లన్న నిలబెట్టిన గాలిమర

సౌదీలోని తాయిఫ్‌లో ఎల్లన్నను పనికి పెట్టుకున్న యజమాని, అక్కడి మాటలో కఫీల్, ఒకసారి హాలెండ్ వెళ్లి వచ్చాడు. వెళ్లినవాడు ఊరుకుంటాడా? తన దానిమ్మ తోటలో కూడా అక్కడిలాంటి పాతకాలపు గాలిమర ఉండాలన్నాడు. వడ్రంగి ఎల్లన్న చేతిలో ఒక ఫోటో పెట్టాడు.

ఎల్లన్నకు కావలసింది ఛుట్టీ కాగితం, ఇంటికి పోవడానికి కఫీల్ సంతకం పెట్టే సెలవు చీటీ. తొంభై ఒకటి జనవరిలో, గల్ఫ్ యుద్ధానికి విమానాలు ఆగిపోయినప్పుడు, జగిత్యాల దగ్గర పల్లెలో భార్య ముత్యవ్వ పోయింది. దహనానికి అందలేదు. యుద్ధం ముగిశాక అడిగితే, పోయిన మనిషి ఎక్కడికీ పోదు, నిదానంగా వెళ్లమన్నాడు కఫీల్. ఇప్పుడు సంవత్సరీకం తొమ్మిది రోజుల్లోకి వచ్చింది.

"హాలెండ్ నుంచి ఒక దొర మర చూడ్డానికి వస్తున్నాడు. ఆయన మెచ్చితే సంతకం" అన్నాడు కఫీల్.

మర లేచింది. ఫోటోలో రెక్కలున్నాయి గాని అవి ఎటు తిరుగుతాయో లేదు.

"యాపక్కకు తిప్పల్ల ఎల్లన్నా?" అన్నాడు డ్రైవర్ మస్తాన్ వలీ. కడపవాడు. నాలుగు భాషల్లో అబద్ధమాడగలడు.

"కుడికే. ఎడ్మకు తిరిగేది పీనుగు చుట్టు."

దొర వచ్చే పొద్దున ఎల్లన్న రెక్కను తాడుతో కట్టాడు. శుభంగా ఉంటుందని, ఇంకా పైకెక్కుతున్నట్టు, రెక్క కొసను శిఖరానికి జానెడు ముందే ఆపాడు.

దొర కారు దిగి మరను చూశాడు. టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు.

"ఏమంటుండు?"

"ఎవురు సచ్చినారని అడగతాండాడు."

వాళ్ల దేశంలో మరలన్నీ ఎడమకే తిరుగుతాయట. రెక్క శిఖరం దాటి ఆగితే ఆ ఇంట చావని గుర్తట. ఎల్లన్న ఎక్కించిన రెక్క దొర కంటికి దిగుతున్న రెక్క అయింది.

కఫీల్ ముఖం మాడిపోయింది.

"నా పెండ్లాం సచ్చిందని చెప్పు వలీ భాయ్."

"ఎప్పుడని అడిగితే?"

"అడగనియ్యకు."

వలీ చెప్పాడు. దొర ఎల్లన్న చేతులు పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు. పనివాడి భార్యకోసం మరనే మౌనంగా నిలిపిన యజమానిని ఎక్కడా చూడలేదన్నాడు. ఇంటికి ఎప్పుడు పంపుతున్నారని అడిగాడు.

కఫీల్ గొంతు సవరించుకుని, ఇవాళే అన్నాడు. కాగితం తెప్పించి కారు బానెట్ మీద సంతకం గీశాడు.

ఎల్లన్న షుక్రన్ అని కృతజ్ఞత చెప్పలేదు. ఏడాది ఆలస్యమైన దానికి షుక్రన్ ఏమిటి?

"దొర ఒక్కసారి తిప్పి సూపించమంటాండాడు" అన్నాడు వలీ, మెల్లగా.

తిప్పితే కుడికి తిరుగుతుంది. బండారం బయటపడుతుంది. ఎల్లన్న కాగితాన్ని మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"చావైన ఇంట్ల మర తిప్పద్దని చెప్పు."

దొర తల వంచాడు. కఫీల్ కూడా వంచాడు, వంచక చస్తాడా.