ఎనిమిది గంటల బ్యాచ్

2024 జూలై 8, సోమవారం ఉదయం. అమీర్‌పేటలో మైత్రీవనం వెనుక వీధిలోని ఒక కంప్యూటర్ శిక్షణ సంస్థ, మూడో అంతస్తు ల్యాబ్. హాజరైనవారు: సంస్థ యజమాని రాఘవేందర్, కొత్తగా చేరిన ఫ్యాకల్టీ సుష్మిత, డెమో క్లాసు వినడానికి ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ల నుంచి వచ్చిన పిల్లలు. మొదటి వరుస చివరి కుర్చీలో, ఏళ్ల తరబడి ఇక్కడ లినక్స్ చెబుతున్న రామ్మోహనరావు.

అమీర్‌పేట ఆనవాయితీ అందరికీ తెలిసిందే. డెమో ఉచితం. విన్నవాళ్లు కౌంటర్ దగ్గర ఎవరి పేరు చెబితే బ్యాచ్ వారిది. ఉదయం ఎనిమిది గంటల బ్యాచ్ మొదటినుంచీ రామ్మోహనరావుదే. ఈసారి రాఘవేందర్ ఇద్దరిచేతా డెమో చెప్పించాడు. శనివారం రామ్మోహనరావు చెప్పినప్పుడు సగం కుర్చీలు ఖాళీ. ఇవాళ సుష్మిత డెమోకు గోడవారన నిలబడే చోటు కూడా మిగల్లేదు.

ల్యాబ్‌లోని యంత్రాలన్నీ వైఫై మీద నడిచేవే. ఆ కనెక్షన్‌ను పట్టి ఉంచే పాత ప్రోగ్రాం డబ్ల్యూపీఏ సప్లికెంట్ అప్పుడప్పుడూ చతికిలబడేది. యంత్రం ఆన్ కాగానే దాన్ని లేపడానికీ, పడితే మళ్లీ నిలబెట్టడానికీ రామ్మోహనరావు సొంతంగా ఒక స్క్రిప్ట్, అంటే వరుస ఆదేశాల చిన్న ఫైలు, రాసి పెట్టాడు. అదీ మొరాయిస్తే పిల్లలు "రావు సార్!" అని కేకేసేవారు. పంజాగుట్టలో పుస్తకాల నడుమ ఒంటరిగా బతికే మనిషికి ఆ కేకే చుట్టరికం.

శుక్రవారం సుష్మిత పాతదాన్ని ఆపి, అదే పని చేసే ఐడబ్ల్యూడీ అనే కొత్త మేనేజర్‌ను పెట్టింది. ఇప్పుడు కన్ను మూసి తెరిచేలోగా కనెక్షన్ కలుస్తోంది. ఆనాటినుంచి ఆ గదిలో రామ్మోహనరావును పిలిచిన నోరు లేదు.

"ఇప్పుడు మీ ముందట్నే అన్ని సిస్టమ్‌లు రీస్టార్ట్ చేస్త," అంది సుష్మిత. "ఎంత జల్ది కలుస్తదో చూడున్రి."

రామ్మోహనరావుకు వెంటనే తన స్క్రిప్ట్ గుర్తొచ్చింది. ఆమె ఆపింది పాత ప్రోగ్రాంను మాత్రమే. దాన్ని లేపే అతని స్క్రిప్ట్ మరోచోట భద్రంగా ఉంది. దానంతట అది పడితే తప్ప, ఎవరైనా ఆపితే స్క్రిప్ట్ జోక్యం చేసుకోదు; శుక్రవారం నుంచి యంత్రాలు ఆగలేదు కనుక పాతది లేవలేదు. ఇప్పుడు లేస్తుంది. ఒకే ఒరలో రెండు కత్తులు. "ఆగమ్మా" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. గోడవారన నిలబడ్డ జనాన్ని చూశాడు. మాట మింగేశాడు.

"మేడమ్, కలిసింది!"

"అరె, పోయింది భాయ్!"

"మళ్లీ వచ్చిందండీ... మళ్లీ పోయింది!"

"రావు సార్ ఉన్నప్పుడు గిట్ల కాలే," అన్నాడు వెనకనుంచి పాత బ్యాచ్ కుర్రాడొకడు.

రామ్మోహనరావు కళ్లజోడు తుడుచుకుని, పిలుపు కోసం వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

"ఫికర్ చేయకున్రి," అంది సుష్మిత. "కలిసినంక పోతుందంటే సిగ్నల్ ఉన్నట్టే. మరి ఎవరో గుంజుతున్నరు. ఎవరో పట్టుకుందాం."

నడుస్తున్న ప్రోగ్రాంల జాబితాను తెర మీద తెరిచింది. చచ్చిందనుకున్న పాతది అక్కడ బతికే ఉంది. దాన్ని లేపిందెవరని వెనక్కి వెతుక్కుంటూ పోయి స్క్రిప్ట్‌ను తెరిచింది. పైనే రామ్మోహనరావు పేరు.

"వైఫై కార్డు ఒక్కటే, పట్టుకునేటోళ్లు ఇద్దరు. గదీ సంగతి," అంది. ఆపైన స్క్రిప్ట్‌ను వరుసవారీగా విప్పి చెప్పింది. "ఇంత శుద్ధంగా రాసినోళ్లను నేనైతే చూడలే." అన్ని యంత్రాల్లోనూ దాన్నీ, పాత ప్రోగ్రాంనూ ఆపింది. కనెక్షన్ నిలిచింది. చప్పట్లు మోగాయి.

ఆ మెచ్చుకోలు అతనికి పుండు మీద కారంలా తగిలింది. ఏ ఆటంకమూ లేకుండా సాగి ఉంటే అది పది డెమోల్లో ఒక డెమో. కళ్లెదుటే తెగినదాన్ని కళ్లెదుటే అతికించిన మనిషిని పిల్లలు వదులుతారా? ఆమె చేతికి ఆ అవకాశాన్ని అందించింది తన మౌనమే. మెట్ల మీద కౌంటర్ వైపు పరుగుల చప్పుడు వినిపించింది.

"ఏమనుకోకున్రి రావుగారూ," అన్నాడు రాఘవేందర్, అతని ముఖం చూడకుండా. "ఎనిమిది గంటలది సుష్మితకే ఇస్తున్న. మీకు మధ్యాహ్నం బ్యాచ్ ఉండనే ఉన్నది గద."

సుష్మిత ఒక కాగితం తెచ్చింది. ల్యాబ్‌లో ఒకరు రాసిన స్క్రిప్ట్‌ను తీసేయాలంటే రాసినవారి సంతకం ఉండాలి. ఆ నియమం పెట్టింది రామ్మోహనరావే.

"మొదటి వరుసలనే కూసున్నరు గద సార్. రీస్టార్ట్ అనంగనే మీకు యాదికి రాలేదా?"

"మర్చిపోయానమ్మా."

"మీరా? మర్చిపోవుడా?" ఆమె నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాడు. దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేదనిపించింది.

పక్క గదిలోంచి ఎవరో "మేడమ్!" అని కేకేశారు. ఆమె పరుగెత్తింది. అలవాటు కొద్దీ తానూ కుర్చీలోంచి సగం లేచిన రామ్మోహనరావు, నెమ్మదిగా మళ్లీ కూలబడ్డాడు. కలం మూత తీసి, తేదీ వేసి, పూర్తి పేరుతో సంతకం చేశాడు. కాగితాన్ని అంచులు సరిచూసి మడిచి, పాత ఫైలు అట్టల మధ్య పెట్టి, బీరువా మూశాడు.