దుబాసమ్మ

తన చొక్కా కాలరు మీద ఆమె ఇస్త్రీపెట్టె నడుపుతుండగా భర్త అన్నాడు, "వాళ్ళ మాటలు వీళ్ళకీ, వీళ్ళ మాటలు వాళ్ళకీ మోయడానికి జీతం కూడానా? మా మేనత్త ఆ పని ఇంటింటికీ తిరిగి ఉచితంగా చేసేది." తన హాస్యానికి తనే నవ్వుకుని, వేడి తగ్గని చొక్కా తొడుక్కున్నాడు. ఆమెకు దుబాసమ్మ అని పేరు పెట్టింది కూడా అతనే. ఫోన్లో వాళ్ళమ్మతో "మా దుబాసమ్మ ఇవాళ ఆఫీసుకెళ్తోంది" అంటే, అవతలి నుంచి అత్తగారు "వంట చేసే వెళ్తోందా?" అని అడిగేది. చేసే వెళ్ళేది. చేసి, సర్ది, స్టవ్ తుడిచి, తడి చేతులు చీర కుచ్చిళ్ళకే అద్దుకుంటూ బస్సు కోసం పరుగెత్తేది.

దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళకు ఏ ఉద్యోగం దొరుకుతుందో, దానికి ఏం చదవాలో సలహా చెప్పే ఆఫీసు అది. సలహాదారు నెమ్మదైన మనిషి, నెరిసిన జుట్టు, ఎప్పుడూ జలుబు. ఆమెకు మన భాష రాదు, వచ్చినవాళ్ళకు ఆమె భాష అంతంతమాత్రం. మధ్యలో దుబాసమ్మ. గదిలో ఎవరేమన్నా ఉన్నదున్నట్టు చెప్పాలి, కలపకూడదు, దాచకూడదు. ఎవరి మాట చెబుతుంటే వాళ్ళే అయిపోయి "నేను" అనాలి. నేను వెల్డర్ని. నేను ఇప్పుడు గర్భవతిని. నాకు రాత్రి డ్యూటీలైనా పర్వాలేదు. సాయంత్రానికి ఆమె గొంతు ఎవరో వాడుకుని కడగకుండా పడేసిన గిన్నెలా తయారయ్యేది. ఇంటికొస్తే సింకులో అసలు గిన్నెలు ఉండనే ఉండేవి.

ఆ మధ్యాహ్నం ఒక జంట వచ్చింది. భార్య మన దేశంలో కంటి ఆస్పత్రిలో పరీక్షలు చేసి, అద్దాలు రాసిచ్చే ఉద్యోగం చేసేది. ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొచ్చిన సర్టిఫికెట్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సలహాదారు ఆమెను ఏది అడిగినా జవాబు భర్తే చెప్పాడు. "ఆవిడకి ఏదైనా పర్లేదండి. ప్యాకింగ్ పనైనా చేస్తుంది. బాబు స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉంటే చాలు. ముందు నేను సెటిలవ్వాలి కదా."

సలహాదారు ముక్కు తుడుచుకుని, కళ్ళ పరీక్షలు చేసేవాళ్ళకు ఇక్కడి లైసెన్సు కోసం ఒక కోర్సు ఉందని, ఒకే ఒక్క సీటు మిగిలిందని, తరగతులు పగటిపూటేనని చెప్పింది. దుబాసమ్మ ఆ మాట తెలుగులో చెప్పగానే భార్య తల దుబాసమ్మ వైపు తిరిగింది. చాలా మెల్లగా అంది.

"నాకు ప్యాకింగ్ పని వద్దక్కా. నాకు ఆ కోర్సు కావాలి."

భర్త నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, పెళ్ళిలో వియ్యాలవారిని చూసి నవ్వే నవ్వు. "అది చెప్పకండి మేడమ్. ఊరికే అంటోంది. మీరు మనవాళ్ళే, మీకు తెలీనిదేముంది?"

సలహాదారు ఎదురుచూస్తోంది. దుబాసమ్మ ఒక్క క్షణం బల్ల మీది టిష్యూ పెట్టెను చూసింది. తర్వాత భార్య మాట చెప్పింది. చెప్పొద్దన్న భర్త మాట కూడా చెప్పింది. చెబుతుంటే లోపల ఏదో నిటారుగా లేచి నిలబడింది. ఇంతకాలానికి ఒక మనిషికి పనికొచ్చాననుకుంది. సలహాదారు భర్తను మర్యాదగా కాసేపు బయట కూర్చోమంది. అతను నవ్వు అలాగే ఉంచుకుని లేచాడు. భార్య భుజం మీద చెయ్యి వేసి, తీసి, వెళ్ళాడు.

తలుపు మూసుకోగానే భార్య అంది, "ఎందుకు చెప్పారక్కా?"

దుబాసమ్మకు అర్థం కాలేదు.

"నేను మీతో అన్నాను. ఆవిడతో కాదు. ఎవరో ఒకరికి చెప్పుకోవాలనిపించి అన్నాను. ఇప్పుడు ఆయనతో ఇంటికెళ్ళేది నేనే కదా." సర్టిఫికెట్ల కవరును సంచిలోకి తోసేసింది. "నాకేమీ వద్దని చెప్పండి. ప్యాకింగ్ పని చాలు. నాకేమీ వద్దు."

సలహాదారు దుబాసమ్మ ముఖంలోకి చూసింది. అంతా చెప్పింది దుబాసమ్మ, ఎందుకు చెప్పారక్కా అన్న దగ్గర్నుంచీ. సలహాదారు భార్య చేతి మీద చెయ్యి వేసి, భయమేమైనా ఉందా, నిజంగా వద్దా అని అడిగింది. భయమేం లేదన్నట్టు భార్య తల అడ్డంగా ఊపి, మళ్ళీ అదే మాట అంది. ఇక ఆ మాట మిగిలింది. ఆ భాషలో, ఉత్తమ పురుషలో, తన గొంతుతో దుబాసమ్మ మళ్ళీ చెప్పింది. నాకేమీ వద్దు.

ఆ రెండు ముక్కలూ నోట్లోంచి వస్తుంటే వాటి మోత ఆమెను ఆపేసింది. ఆ భాష నేర్చుకున్నాక ఆ మాట లక్షసార్లు వాడి ఉంటుంది, దుకాణంలో, బస్సులో. ఇలాంటి బల్ల ముందు, ఇలాంటి కుర్చీల మధ్య మాత్రం ఒక్కసారే విన్నది. వచ్చిన కొత్తలో. తను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేదాన్నని, పిల్లలతో అడవుల్లో తిరిగేదాన్నని, ఇక్కడి చెట్ల పేర్లయినా నేర్చుకుని మళ్ళీ పాఠం చెప్పాలనుందని ఆయాసం వచ్చేదాకా మాట్లాడింది. పక్కన కూర్చున్న భర్తకు భాష వచ్చు. అంతా విని, అది ఆమె మాటేనన్నట్టు అవతలి అధికారిణికి ఈ రెండు ముక్కలే చెప్పాడు. బయటికొచ్చాక "నీ సబ్జెక్టుకి ఇక్కడ ఉద్యోగాల్లేవట" అన్నాడు. అప్పుడామెకు ఆ రెండు ముక్కల మోతే తప్ప అర్థం తెలీదు. తన భాష ఎంత పొడుగు, వీళ్ళ భాష ఎంత పొట్టి అని ఆశ్చర్యపోయింది కూడా.

ఆ సీటు వరుసలో తర్వాతి మనిషికి వెళ్ళిపోయింది. జంట లిఫ్టు దగ్గర ఒకరి పక్కన ఒకరు నిలబడటం అద్దాల తలుపులోంచి చూసింది. వెనకాలే వెళ్ళి ఏదో అనాలనుకుంది. అనడానికి తన దగ్గర సొంత మాట ఒక్కటీ తయారుగా లేదు.

సాయంత్రం భర్తకు వడ్డించి, ఎదురుగా కూర్చుంది. మామూలుగా కూర్చోదు.

"మనం వచ్చిన కొత్తలో ఉద్యోగాల ఆఫీసుకెళ్ళాం కదా. ఆ రోజు నేనంతసేపు మాట్లాడితే, మీరు ఆవిడకేం చెప్పారు?"

"ఏ రోజు?" అన్నాడు భర్త. అబద్ధం కాదు. అతనికి నిజంగానే గుర్తులేదు.