కడిగిన గూడ్సు బండి

ఊడిన చక్రం బిగించుకుని, బొమ్మ రైలు బొగ్గు వ్యాగన్‌ని చేతిరుమాలులో చుట్టుకుని ఇంట్లోకి వచ్చిన ఆయనకు, వంటగది గట్టు మీద కనిపించిందేమిటో ముందు బోధపడలేదు. తెల్ల తువ్వాలు మీద మిగతా గూడ్సు వ్యాగన్లన్నీ తోమిన గిన్నెల్లా బోర్లించి ఉన్నాయి. తళతళా మెరుస్తున్నాయి.

"వచ్చావా! రేపు బొమ్మ రైళ్ల ప్రదర్శనలో నలుగురూ చూసేవాటిని ఆ మురికితో పెడతావేంట్రా?" అంది అక్క సంబరంగా. "తుప్పు, మసి, జిడ్డు! పాత టూత్‌బ్రష్షుతో రుద్దలేక వేళ్లు పడిపోయాయనుకో. ఆ బొగ్గయితే ఓ పట్టాన ఊడలేదు. చెంచాతో పెకిలించాను."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

వ్యాగన్లు చేసింది ఆయనే. ఆ కొత్త ప్లాస్టిక్కుని ఏళ్ల తరబడి ఎండావానల్లో తిరిగిన బండిగా మార్చింది మాత్రం ఆయన భార్య. రైలు యార్డు కంచె దగ్గర నిలబడి అసలు వ్యాగన్లు చూసొచ్చేది. తుప్పు ఎక్కడ మొదలవుతుందో, కుదుపులకి బొగ్గు కుప్ప ఎలా కుంగుతుందో చూసి, సుద్దపొడి రంగుల్ని సన్న కుంచెతో అద్దేది. నిజం బొగ్గునే నలగ్గొట్టి, జల్లించి, జిగురు కలిపి వ్యాగన్లలో నింపేది. నిరుడు ఆవిడ కన్నుమూశాక ఆ బండి మీద పడిన దుమ్ము కూడా ఆయన తుడవలేదు. రేపు మొదటిసారి ఆవిడ పేరుతో పెట్టాలనుకున్నాడు.

"ఏంట్రా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తావ్?"

"అక్కా, ఆ మురికి నీ మరదలు వేసింది."

"మురికి వెయ్యడమేంటి, నీ మొహం! ఎవరైనా..." అక్క నవ్వబోయి ఆగిపోయింది.

ఆయన రుమాలు విప్పాడు. వ్యాగన్ తలుపు కింద తుప్పు చార, దాని అంచున మసి, మసి మీద పల్చటి ధూళి. అక్క కళ్లద్దాలు సవరించుకుని చూసింది. తడి చేతులు వెనక్కి దాచుకుంది.

"సాయం చేద్దామనిరా... పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాను."

సింకు జాలీ చుట్టూ ఎర్రటి చార ఎండుతోంది. ఆయన దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"తిట్టరా. నువ్విలా ఉంటే భయమేస్తోంది."

"తిడితే తిరిగొస్తుందా?"

చక్రం ఊడినందుకు నిన్నంతా విసుక్కున్నాడు. ఊడకపోయుంటే ఇదీ ఆ తువ్వాలు మీదే ఉండేది. వ్యాగన్‌ని రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

లేచి భార్య రంగుల డబ్బా తెచ్చాడు. "రేపు ఆవిడ పేరుతో ఇదొక్కటే వెళ్తుంది. మిగతావి దీన్ని చూసి మనం వేద్దాం. మన పేర్లతో."

"నా చేత్తోనా? జన్మంతా మరకలు వదిలించినదాన్ని!"

"మరక ఎక్కడ పడుతుందో నీకంటే ఎవరికి తెలుసు?"

అక్క కడిగిన వ్యాగన్ మీద కుంచె ఆనించింది. రంగు అంచు దాటి జారింది. ఆమె చెయ్యి అలవాటుగా గుడ్డ కోసం పోయింది. ఆయన చటుక్కున మణికట్టు పట్టుకున్నాడు.

"తుడవకక్కా."

భార్య రంగు వేసిన ఆ వ్యాగన్ మీదా ఒక చార అలాగే అంచు దాటింది. ఇన్నేళ్లూ ఆయన దాన్ని చూడనే లేదు.