మూడో అంతస్తు దగ్గర ఆగిన ఫ్రిజ్

అలెగ్జాండ్రియాలో మేముండే భవనానికి లిఫ్టు ఉంది గాని, అది కదలగా చూసినవాళ్లు తక్కువ. మెట్ల మొదటి మలుపు దగ్గర కాస్త లావుపాటి మనిషి పక్కకు తిరిగి నడవాల్సిందే. అందుకే నాలుగో అంతస్తులో ఉండే ఇన్షిరాహ్, తను కొన్న కొత్త ఫ్రిజ్‌ను వీధిలోంచి తాళ్లతో పైకి లాగించాలని నిశ్చయించుకుంది.

"పాతదాన్నే బాగుచేయిద్దామంటే విన్నావా?" అన్నాడు భర్త షౌకీ.

"ఐదుసార్లు చేయించారు. ఇప్పుడది పాలు చల్లబరచడం మానేసి వెచ్చబెడుతోంది. ఇవాళ ఇది ఇంట్లోకి రావాల్సిందే."

మేస్త్రి జనాతి వచ్చి వాళ్ల బాల్కనీ పైన కప్పీ బిగించాడు. కింద నలుగురు మోకు పట్టి లాగారు. ఫ్రిజ్ మూడో అంతస్తు దాకా బుద్ధిగా వచ్చింది. అక్కడ మోకు కప్పీ పక్కకు జారి ఇరుక్కుపోయింది. ఇక పైకీ రాదు, కిందికీ దిగదు. సముద్రపు గాలికి మెల్లగా గుండ్రంగా తిరగసాగింది. ఎదుటి కాఫీ కొట్టులో డామినోలు ఆడేవాళ్లంతా ఆట ఆపి సలహాలు మొదలుపెట్టారు.

ఆ మూడో అంతస్తు బాల్కనీ దౌలత్‌ది. ఇన్షిరాహ్ ఆరేసిన తడి దుప్పట్ల నీళ్లు కింద దౌలత్ బట్టల మీద పడుతున్నాయని గొడవ జరిగి, రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

"అగ్నిమాపక దళాన్ని పిలుద్దాం. ఆవిడకంటే వాళ్లే నయం" అన్నాడు షౌకీ.

"ఫ్రిజ్ ఆవిడ ఇంటిముందు వేలాడుతుంటే నేను ఇంకెవరింటికి పోను?" అంటూ ఇన్షిరాహ్ తలగుడ్డ సర్దుకుని దిగింది.

దౌలత్ తలుపు తీసి గడపలోనే నిలబడింది. "రెండేళ్లు ఇటు తొంగి చూడలేదు. ఇవాళ ముందు ఫ్రిజ్‌ని పంపి, వెనక నువ్వొచ్చావా?"

"అవును వదినా. తప్పు నాదే, దుప్పట్లు సరిగా పిండలేదు. ముందు దాన్ని లోపలికి లాగనివ్వు. కింద జనం తిరుగుతున్నారు."

దౌలత్ బాల్కనీ వైపు చూసింది. "ఎన్ని లీటర్లు?"

"నాలుగొందలు."

"నాదానికంటే పెద్దదే!" ఆ బాధ దిగమింగడానికి కాసేపు పట్టింది. "సరే రా, ఆ పూలకుండీలు ఒక పక్కన పెట్టు."

అందరూ కలిసి కొక్కేలతో ఫ్రిజ్‌ను బాల్కనీలోకి లాగారు. అక్కణ్ణుంచి పైకి మెట్లు వెడల్పే. కానీ మెట్ల వైపున్న దౌలత్ ఇంటి తలుపు దగ్గర రెండు వేళ్లంత చోటు చాల్లేదు.

"మళ్లీ వీధిలోకి దించడమే" అన్నాడు జనాతి.

"దించితే మళ్లీ వచ్చి ఇక్కడే వేలాడుతుంది." ఇన్షిరాహ్ అతని చేతిలోని స్క్రూడ్రైవర్ లాక్కుంది. "వదినా, తలుపు ఊడదీస్తాను. పట్టుకుంటావా?"

"పిచ్చిదానా" అంటూనే దౌలత్ పట్టుకుంది. రంగు కింద పూడుకుపోయిన మరలు ఒక్కొక్కటీ గీకి తీసేసరికి ఇన్షిరాహ్ అరచేతులు బొబ్బలెక్కాయి. మధ్యాహ్నం దాటాక ఫ్రిజ్ నాలుగో అంతస్తు చేరి, ఇన్షిరాహ్ ఇంటి రెండు రెక్కల తలుపులోంచి లోపలికి వెళ్లింది.

ఇక ఆ గీకిన మరలతో దౌలత్ తలుపు తిరిగి బిగించడం కుదరలేదు. వడ్రంగి సాయంత్రం గాని రానన్నాడు.

"పోయి నీ ఫ్రిజ్ చూసుకో" అంది దౌలత్.

"తలుపు బిగించేదాకా కదలను" అంటూ ఇన్షిరాహ్ గడపకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. దౌలత్ పుదీనా టీ తెచ్చి పక్కనే మరో కుర్చీ వేసుకుంది.

వడ్రంగి బిగించాక ఇన్షిరాహ్ తలుపును ఏడుసార్లు వేయించి తీయించింది.

"మీ ఇంటిది కాదు కదమ్మా, ఇంత పట్టుదలేంటి?" విసుక్కున్నాడతను.

"నాదైతే ఎప్పుడో వదిలేద్దును" అంది. ఎనిమిదోసారి తలుపు చప్పుడు లేకుండా మూసుకున్నాకే లేచి మెట్లెక్కింది.