ఎదురుగాలికి అరగంట

మా అత్త సంగమ్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మా ఆయన కువైట్ పోతున్నాడని తెలిసిన రోజే ఆమె మొక్కుకుంది. విమానం లేచిన దగ్గర్నుంచి కొడుకు కాలు అక్కడి నేల మీద పడేదాకా ముద్ద ముట్టదట. దూరం పోయినవాళ్లు చేరేదాకా ఇంటి పెద్దావిడ పస్తుండడం మా ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నదే. కానీ అత్తకు షుగరు. వేళకు తినాలని దవాఖానలో డాక్టరు గట్టిగా చెప్పాడు.

"ఎన్ని దినాలు పస్తుంటవ్ అత్తా?"

"మూడు. మన వాడ మొగులయ్య కువైట్ పోయినప్పుడు చేరిండన్న ఖబర్ మూడో నాడు రాలే?"

నాకు ఒళ్లు మండింది, భయమూ వేసింది. మా వాడలోనే ఉండే లిదియా టీచర్ దగ్గరికి పరుగెత్తి, అత్త మొక్కు సంగతీ, బుధవారం పొద్దున పదింటికి బొంబాయిలో విమానం లేస్తుందనీ చెప్పుకున్నాను.

ఆ బుధవారం ఆమె బడికి సెలవు పెట్టి, గ్లోబు చంకన పెట్టుకుని వచ్చింది. అత్త ముందు కూర్చుని, బొంబాయి నుంచి కువైట్ దాకా దారం బిగించి పట్టింది. ఆ దారాన్నే భూమధ్యరేఖ మీద పరిచి డిగ్రీలు లెక్కపెట్టింది.

"ఇరవయ్యైదమ్మా. ఒక్కోటి నూటపది కిలోమీటర్లు. అంతా కలిపి రెండువేల ఏడువందల యాభై. విమానం గంటకు ఎనిమిది వందలు పోతది. మూడున్నర గంటలు."

"ఏంది! హైదరాబాద్ బస్సుకే నాలుగు గంటలైతది!"

"బస్సు గుంతలల్ల పోతది. ఖబర్ పోస్టాఫీసులన్నీ తిరిగి వస్తది. నీ కొడుకు సక్కగ పోతుండు."

ఏళ్ల తరబడి కందులు తూర్పారబట్టిన మనిషి మా అత్త. గాలివాటం చూసినట్టు చెయ్యి పైకెత్తింది.

"మరి ఎదురుగాలుంటే?"

టీచర్ నవ్వలేదు. అక్కడే ఆమె నాకు నచ్చింది. "మంచిగ అడిగినవ్. పడమటికి పోతుంటే గాలి ఎదురే వస్తది. అరగంట కలుపుదాం. రెండు గంటలకు దిగుతడు."

రెండయ్యేదాకా ముగ్గురం గడియారం కిందే కూర్చున్నాం. మధ్యలో అత్తకు చెమటలు పడితే టీచరే విసనకర్ర అందుకుంది. రెండు కొట్టగానే అత్త ఆమె ముఖంలోకి చూసింది.

"నువ్వు తిన్నవా బిడ్డా?"

"లేదమ్మా. లెక్క నాది. తప్పుతదేమోనని నాకు సుత ముద్ద దిగలే."

పరాయి ఇంటి మొక్కుకు తాను పస్తున్న మనిషిని నేను ఆమెనొక్కర్తినే చూశాను. ఆ రోజు ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది. అత్త మాత్రం నన్ను కేకేసింది.

"జల్దీ రెండు పళ్లాలు పెట్టు!"

శుక్రవారం పోస్టుమాన్ టెలిగ్రాం ఊపుకుంటూ వచ్చాడు.

"సంగమ్మా, నీ కొడుకు చేరిండు!"

అత్త జొన్నరొట్టె తుంచుతూ తలైనా ఎత్తలేదు.

"గిప్పుడు చెప్తున్నవా? మా టీచరమ్మ బుధవారమే దింపింది."