వదులు తాడు

“తాడు వదలకండమ్మా” అన్నాడు కానిస్టేబుల్. ముప్పై అడుగుల అవతల కూర్చున్న ఇస్త్రీ మేస్త్రీ చెవిలో అది “తోడు వదలకండమ్మా” అని పడింది. అసలే మండుటెండ. ఆ మాటతో లోపల కూడా రాజుకుంది. తాడు రెండో కొస పట్టుకున్నది అతని పెళ్ళాం మరి.

చొక్కాల మిల్లు గేటు ముందు సమ్మెకు అది పదకొండో రోజు. పది గంటలు కుట్టించుకుని ఎనిమిది గంటల కూలే చేతిలో పెడుతున్నారని రెండు వందల మంది రోడ్డెక్కారు. మొదటిరోజే యూనియనూ పోలీసులూ ఒక మాటకొచ్చారు. గేటుకు అడ్డంగా ఒక తాడు. ఒక కొస కార్మికుల మనిషి చేతిలో, రెండోది పోలీసు చేతిలో. తాడు వదులుగా వేలాడినంతసేపూ లాఠీలు జీపులోనే ఉంటాయి. ఒక్క రాయి పడిందా, అనుమతి రద్దు, డేరా పీకేస్తారు, సమ్మె మూటకట్టుకోవాల్సిందే.

కొస పట్టుకోవడానికి అందరూ కాలర్లు కుట్టే ఆమెనే ఎన్నుకున్నారు. ఆమెకు కోపం రాదని కాదు, వచ్చినా చేతి దాకా రాదని. మొగుడికి మొదటి మంట అక్కడే. పొద్దస్తమానం చొక్కాల మడతలు తీసే మేస్త్రీ మనసులో మాత్రం మడతపేచీ పెట్టుకున్నాడు.

రెండో మంట ఆ ‘అండి’. కాస్త నీడకు జరగండి, మంచినీళ్ళు తాగండి అంటాడు పోలీసు. ఆమె కూడా మీరూ తాగండి అంటుంది. పన్నెండేళ్ళ కాపురంలో ఇతను ‘ఏమే’, ఆమె ‘ఏమయ్యా’. ‘అండి’ అన్న ముక్క ఆ ఇంటి గడప తొక్కలేదు. ఇప్పుడా ‘అండి’ కోసం ఎండలో ఎండిపోతున్నాడు.

అన్నిటికంటే పెద్ద మంట ఆ కదపడం. పోలీసు తాడును మెల్లగా రెండుసార్లు కదుపుతాడు. ఆమె తలెత్తి, జనంలోకి ఒక చూపు విసిరి, తిరిగి రెండుసార్లు కదుపుతుంది. మూడు రోజులుగా మేస్త్రీ చెయ్యి రోడ్డు పక్కన పోసిన కంకర మీద ఉన్నప్పుడల్లా ఈ సరసం కళ్ళబడుతోంది. ఆమె చూపు తగలగానే రాయి వదిలేసేవాడు.

ఈసారి తాడో పేడో తేల్చుకుందామని రాయి గట్టిగా పట్టుకున్నాడు. తాడు రెండుసార్లు కదిలింది. లేచి, జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

జీపు దగ్గర ఇన్‌స్పెక్టరు లాఠీ అందుకున్నాడు. కానిస్టేబుల్ కొస వదల్లేదు, గుంజలేదు. ఆగండి సార్, తాడింకా వేలాడుతోంది అన్నాడంతే.

“ఏమే, ఏంటా సైగలు? తోడు వదలకండి అంటాడా వాడు?”

ఆమె అందరికీ వినపడేలా చెప్పింది. అతనన్నది తోడు కాదు, తాడు. ఇక రెండుసార్లు కదిపితే, మీ వాళ్ళలో ఎవరో రాయి తీశారు, చూసుకోండని. తిరిగి రెండుసార్లంటే, చూశాను, మా మనిషిని మేం ఆపుకుంటాం, మీరు రాకండని.

“మూడు రోజుల్నించీ రాయి తీసేది నువ్వొక్కడివేనయ్యా. నేను అతనితో ఆడిన ముచ్చటంతా నీ గురించే.”

రెండు వందల మందీ ఘొల్లున నవ్వారు. మేస్త్రీ మొహం కాలిన ఇస్త్రీ పెట్టె అయింది. ఇలా ఇవ్వు, కాసేపు నేను పట్టుకుంటానని ఎడమచెయ్యి చాచాడు.

ఆమె ఇవ్వలేదు.

“రెండు చేతులూ ఖాళీ చేసుకుని అడుగు.”

కుడిచేతిలో రాయి ఇంకా ఉంది. విసరలేడు. ఇందరి కళ్ళముందు కింద పడేస్తే రాయి పడినట్టే లెక్కవుతుందేమోనని భయం. వదులు తాడు ముందు, ఆ రాయిని పసిబిడ్డలా పొట్టకు హత్తుకుని నిలబడ్డాడు.